బీపీని వెతుక్కుంటూ కిడ్నీ దాకా వెళ్ళిన గొట్టం

నెల్లూరు జిల్లా ఉదయగిరి బస్టాండులోనో ఆత్మకూరు సెంటర్లోనో నలుగురిని ఆపి, బీపీ ఎక్కడ పుడుతుందని అడిగి చూడండి. ముగ్గురి చెయ్యి గుండె మీదికి వెళ్తుంది. నాలుగో మనిషి తల చూపిస్తాడు. నడుము వెనక చెయ్యి పెట్టి ఇక్కడ అనేవాళ్ళు అరుదు. కలిగిరిలోనో డి.సి.పల్లిలోనో పొగాకు వేలంలో రేటు పడిపోయిన రోజు "బీపీ పెరిగిపోయింది" అన్న మాట ఎలాగూ వినపడుతుంది. దిగులుకూ కోపానికీ రక్తపోటుకూ ఉన్న చుట్టరికం మన మెట్ట రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఆ దిగులు మెదడులో బయల్దేరి రక్తపోటు దాకా చేరే దారుల్లో ఒకటి కిడ్నీ మీదుగా పోతుంది. ఆ దారిని కనిపెట్టడానికి, దాన్ని కత్తితో తెంచడానికి, తర్వాత సన్నని గొట్టంతో లోపలి నుంచి మూయడానికి వైద్యులకు నూటయాభై ఏళ్ళ పైనే పట్టింది. ఆ కథలో ఒక ఘోర పరాజయం కూడా ఉంది. నా మటుకు అసలు ఆవిష్కరణ జరిగింది ఆ పరాజయంలోనే.

మెదడు నుంచి వెన్నుపాము ద్వారా దిగివచ్చే సింపథెటిక్ నాడులు కిడ్నీకి రక్తం తెచ్చే ధమనిని పట్టుకునే లోపలికి వెళ్తాయి. పందిరి గుంజకు చిక్కుడు తీగ అల్లుకున్నట్టు అవి ధమని బయటి పొర చుట్టూ అల్లుకుని ఉంటాయి. వాటి మీదుగా వచ్చే ఆజ్ఞలు మూడు: ఉప్పూ నీళ్ళూ బయటికి పోనీయకు, రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులు, లోపలి రక్తనాళాలను బిగించు. మూడూ రక్తపోటును పెంచేవే. కిడ్నీ కూడా ఊరుకోదు. దెబ్బతిన్న కిడ్నీ తన బాధను అవే నాడుల కట్టలో ఎదురు దిశగా మెదడుకు చెప్పుకుంటుంది, మెదడు ఇంకాస్త బిగిస్తుంది. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయి.

కిడ్నీ జబ్బుతో చనిపోయినవాళ్ళ గుండెలు కవాటాల్లో ఏ లోపమూ లేకుండానే పెరిగి ఉండడాన్ని లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ గమనించి 1836లోనే రాశాడు. అప్పటికి బీపీ కొలిచే పనిముట్టే లేదు. 1859లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ కుక్కలో కిడ్నీకి వెళ్ళే నాడిని కోసి చూస్తే ఆ వైపు మూత్రం ఎక్కువగా వచ్చింది. నాడికీ ఉప్పునీళ్ళకీ సంబంధం ఉందనడానికి అది తొలి సాక్ష్యం. 1898లో స్టాక్‌హోంలో టిగర్‌స్టెడ్ట్, బెర్గ్‌మన్ కిడ్నీ నుంచి రెనిన్‌ను పట్టుకున్నారు. 1934లో అమెరికాలో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్క కిడ్నీ ధమనికి బిగింపు పెట్టి రక్తపోటును కావాలని పెంచి చూపించాడు.

ఇంత తెలిసినా రోగికి ఇవ్వడానికి ఏమీ లేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావంతో పోయిన రోజు ఆయన బీపీ 300/190. ప్రపంచంలో అందరికంటే బలవంతుడైన దేశాధినేతకు కూడా ఆనాడు వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, ఉప్పు తగ్గించడం, కొద్దిపాటి మందులు. అదే కాలంలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కెంప్నర్ అనే వైద్యుడు రోగులకు అన్నం, పళ్ళు, చక్కెర మాత్రమే పెట్టి, ఉప్పును దాదాపు పూర్తిగా మాన్పించి బీపీ దించాడు. అన్నంతో వైద్యం అంటే మన నెల్లూరువాళ్ళకు సంతోషంగానే ఉంటుంది కానీ, ఉప్పు రాయి వెయ్యని అన్నం, పచ్చడి ముక్క లేకుండా నెలల తరబడి తినాలి. ఆ పథ్యాన్ని చివరిదాకా పట్టి ఉండగలిగినవాళ్ళు తక్కువ.

శస్త్రవైద్యులు వేరే దారి పట్టారు. నాడులే ఆజ్ఞలు మోస్తుంటే ఆ నాడులనే తీసేస్తే సరి అన్నారు. మిషిగన్‌లో మాక్స్ పీట్ 1930లలో, బోస్టన్‌లో రెజినాల్డ్ స్మిత్‌విక్ ఆ తర్వాత ఈ ఆపరేషన్‌కు పేరు తెచ్చారు. వీపు రెండు వైపులా కోసి, వెన్ను పక్కన ఉండే నాడుల గొలుసును ఛాతీ భాగం నుంచి నడుము దాకా తీసేసేవారు. వారాల తరబడి మంచంలో ఉండాలి. లేచి నిలబడితే రక్తం కాళ్ళలోకి జారి కళ్ళు తిరిగి పడిపోయేవారు. నడుము కింద చెమట పట్టేది కాదు. మగవాళ్ళలో చాలామంది దాంపత్యానికి దూరమయ్యారు. అయినా జనం వరసకట్టి చేయించుకున్నారు. 1953లో స్మిత్‌విక్ 1,266 మంది ఆపరేషన్ రోగుల లెక్క అచ్చువేశాడు: ఐదేళ్ళలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో 19 శాతం చనిపోతే, చేయించుకోనివారిలో 54 శాతం పోయారు. ఎవరికి కత్తి, ఎవరికి కాదు అన్నది చీటీలు తీసి నిర్ణయించింది కాదు కాబట్టి ఆ తేడా అంతా నాడులు తీసిన పుణ్యమే అనలేం. అంత మాత్రాన దాన్ని కొట్టిపారేయనూ లేం.

ఈ ఆపరేషన్‌ను మరుగున పడేసింది బిళ్ళ. ఆ బిళ్ళ కథలో మన దేశపు వేరు ఒకటుంది. సర్పగంధి వేరు రక్తపోటును దించుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాడు. మూడేళ్ళకు స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు దాన్నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. రెసర్పిన్ చేసే పనేమిటి? నాడుల చివర నిలవ ఉండి వాటి ఆజ్ఞను అందించే నోరడ్రినలిన్ అనే పదార్థాన్ని ఖాళీ చేయడం. అంటే స్మిత్‌విక్ కత్తితో కోసిన నాడులనే ఈ వేరు మందుతో మూగబోయేలా చేసింది. మనుషులను దిగులులోకి దించుతుందన్న చెడ్డపేరు దానికి తర్వాత వచ్చింది. 1958 నుంచి ఉప్పును మూత్రంలోకి పంపే క్లోరోథయజైడ్ వచ్చింది, తర్వాత ఒకదాని వెనక ఒకటి మందులు. ఇవాళ ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ పేర్లు మన ఊళ్ళలో చదువు రాని ముసలమ్మలు కూడా పలుకుతున్నారు.

అలా నాడుల సంగతి వైద్యులు నలభై ఏళ్ళు పక్కన పెట్టేశారు. పక్కన పెట్టనివాడు మెల్‌బోర్న్‌లో ముర్రే ఎస్లర్. రేడియోధార్మికత అద్దిన నోరడ్రినలిన్‌ను రక్తంలోకి పంపి, ఒక్కో అవయవం నుంచి ఎంత నోరడ్రినలిన్ పొంగి బయటికి వస్తోందో లెక్కకట్టే పద్ధతిని ఆయన తయారుచేశాడు. కారణం తెలియని మామూలు బీపీ ఉన్నవాళ్ళలో చాలామందికి కిడ్నీల నుంచి ఆ పొంగు ఎక్కువగా ఉందని 1980లలో తేలింది. ఇంకో వైపు నుంచి కూడా ధైర్యం వచ్చింది. మార్పిడి చేసిన కిడ్నీకి నాడులన్నీ తెగిపోయి ఉంటాయి. అయినా అది శుభ్రంగా పనిచేస్తుంది. నాడులు లేకపోయినా కిడ్నీ బతుకుతుందని అంతకన్నా రుజువేం కావాలి?

గొట్టం ఆలోచన అమెరికాలో ఇద్దరికి వచ్చింది: హోవర్డ్ లెవిన్ గుండె వైద్యుడు, మార్క్ గెల్ఫాండ్ ఇంజినీరు. వాళ్ళ మనసులో మొదట ఉన్నది బీపీ కాదు. గుండె నీరసించి ఒళ్ళంతా నీరు పట్టే రోగులు. కిడ్నీ నాడులను మొద్దుబారిస్తే ఆ నీరు దిగుతుందని వాళ్ళ ఊహ. నాడుల చుట్టూ మత్తుమందు చుక్కలు పడేలా ఒక పంపు అమర్చాలని మొదట అనుకున్నారు. 2003లో కాలిఫోర్నియాలో ఆర్డియన్ అనే కంపెనీ పుట్టింది. క్రమంగా పంపు పోయింది, గొట్టం మిగిలింది, లక్ష్యం బీపీ అయింది.

ఆ గొట్టం పనితీరులో నాకు ఎప్పటికీ ఆశ్చర్యం తగ్గని సంగతి ఒకటుంది. గజ్జ దగ్గర ధమనిలోంచి దూర్చి, బృహద్ధమని మీదుగా కిడ్నీ ధమనిలోకి పోనిస్తారు. దాని కొసన ఉన్న లోహపు మొన ధమని లోపలి గోడకు ఆనుతుంది. బయటి యంత్రం నుంచి రేడియో తరంగాల శక్తి, ఎక్కువలో ఎక్కువ 8 వాట్లు, రెండు నిమిషాల పాటు వెళ్తుంది. కాలవలసింది బయటి పొరలోని నాడి. కాలకూడనిది లోపలి గోడ. మధ్యలో ఉన్నది కొన్ని మిల్లీమీటర్లే. లోపలి గోడను కాపాడేది ధమనిలో ఎడతెగకుండా పారే రక్తమే. కిడ్నీలకు నిమిషానికి లీటరుకు పైగా రక్తం వెళ్తుంది. అది లోపలి గోడను చల్లబరుస్తూ పోతుంటే వేడి గోడ అవతల నిలబడి నాడిని చంపుతుంది. ఒకచోట కాల్చి, మొనను కాస్త తిప్పి, కాస్త వెనక్కి లాగి, మళ్ళీ కాల్చాలి. ఇలా మెలికలు తిరుగుతూ ఒక్కో ధమనిలో నాలుగు నుంచి ఆరు చోట్ల. కాలుస్తున్నంతసేపూ నొప్పి ఉంటుంది కాబట్టి మత్తు ఇవ్వాల్సిందే.

2007లో మెల్‌బోర్న్‌లో తొలిసారి మనుషులకు చేశారు. హెన్రీ క్రమ్, మార్కస్ ష్లైక్, ఎస్లర్ తదితరులు 2009లో లాన్సెట్‌లో అచ్చువేసిన లెక్కలో, ఎన్ని మందులకూ లొంగని 45 మందికి నెలకే పై బీపీ 14, ఏడాదికి 27 పాయింట్లు తగ్గింది. కొందరిలో ఎస్లర్ పద్ధతితో కొలిస్తే కిడ్నీ నుంచి నోరడ్రినలిన్ పొంగు సగానికి దగ్గరగా పడిపోయింది. 2010లో 106 మందిని రెండు జట్లు చేసి చూస్తే చికిత్స జట్టులో 32 పాయింట్ల తగ్గుదల. నమ్మశక్యం కానంత తగ్గుదల అది! ఆ ఏడాది నవంబరులోనే మెడ్‌ట్రానిక్ కంపెనీ ఆర్డియన్‌ను ముందస్తుగా 80 కోట్ల డాలర్లు ఇచ్చి కొంటున్నట్టు ప్రకటించింది. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో వేల మందికి చేశారు. పది కంపెనీలు పది రకాల గొట్టాలతో వెంటపడ్డాయి.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ మాత్రం ఒక్క మాట అడిగింది: చికిత్స చేయించుకున్నానన్న నమ్మకమే బీపీని దించడం లేదని ఏమిటి రుజువు? దాంతో మూడో పరీక్ష మొదలైంది. 88 కేంద్రాలు, 535 మంది రోగులు. అందరినీ బల్ల ఎక్కించారు. అందరికీ గజ్జలో గొట్టం పెట్టి కిడ్నీ ధమనులకు ఎక్స్‌రే చిత్రాలు తీశారు. మత్తిచ్చి, కళ్ళకు గంతలు కట్టి, చెవులకు పాటలు పెట్టారు. మూడింట రెండు వంతుల మందికి నాడులు కాల్చారు, ఒక వంతుకు ఏమీ చేయకుండా ఉత్తుత్తి చికిత్సతో లేపారు. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియదు, తర్వాత బీపీ చూసేవాళ్ళకూ తెలియదు.

2014లో ఫలితం బయటికొచ్చింది. నాడులు కాల్చినవాళ్ళకు ఆరు నెలల్లో 14.1 పాయింట్లు తగ్గింది. ఏమీ చేయించుకోనివాళ్ళకు 11.7. తేడా రెండున్నర పాయింట్ల లోపే, లెక్కకు రానిది. ఏళ్ళ ఆశ ఒక్క ఉదయాన కూలిపోయింది. కంపెనీలు వరసగా తప్పుకున్నాయి.

ఇక్కడ ఆగి ఆ 11.7 గురించి ఆలోచించాలి. ఏమీ చేయించుకోని మనిషికి అంత ఎందుకు తగ్గింది? పెద్ద పరీక్షలో ఉన్నామన్న భయంతోనో భక్తితోనో బిళ్ళలు వేళకు వేసుకోవడం మొదలుపెట్టి ఉంటారు. పరీక్ష మధ్యలో చాలామందికి మందులు మారాయి కూడా. "తగ్గిపోయింది గదమ్మా, మానేశా" అని మన ఊళ్ళో ఆశా కార్యకర్తతో చెప్పే పెద్దాయనను అజ్ఞాని అంటుంటాం. ఆయన అమెరికా రోగికి ఏ విధంగానూ తీసిపోడు. ఆ తర్వాతి పరీక్షల్లో రోగుల మూత్రంలో, రక్తంలో మందు ఉందో లేదో ఆరా తీస్తే, రాసిచ్చినవి రాసిచ్చినట్టు మింగుతున్నవారు అరవై శాతానికి అటూ ఇటూనే. అదీ తమను పరీక్షిస్తారని తెలిసి ఉండి.

ఓడినవాళ్ళు లెక్కలు మళ్ళీ తిరగేశారు. చికిత్స చేసిన వైద్యులు 111 మంది. వాళ్ళలో చాలామంది చేసింది ఒకటి రెండే. ధమని చుట్టూ నాలుగు వైపులా, రెండు కిడ్నీలకూ సరిగ్గా కాలినట్టు తేలింది కేవలం 19 మందికి. పాథాలజిస్టులు కూడా రంగంలోకి దిగారు. మేరీల్యాండ్‌లో భారతీయ మూలాలున్న రేణు వీర్మాని ప్రయోగశాలలో 20 మంది మృతదేహాల కిడ్నీ ధమనులను ముక్కలుగా కోసి, పది వేల పైచిలుకు నాడులను ఒక్కొక్కటిగా కొలిచారు. బృహద్ధమని దగ్గర నాడులు ఎక్కువే ఉన్నాయి కానీ లోపలి గోడకు సగటున 3.4 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. కిడ్నీ వైపు పోయేకొద్దీ సంఖ్య తగ్గినా దూరం 2.6కు దిగింది. చిక్కుడు తీగ మొదట్లో వదులుగా, పైకి పోయేకొద్దీ గుంజను హత్తుకుని ఉందన్నమాట. వైద్యులు వేడి పెట్టింది ఎక్కువగా వదులుగా ఉన్న చోట. ఆ తర్వాత పందుల మీద ప్రయోగాల్లో కిడ్నీకి దగ్గరి కొమ్మల్లో కూడా కాలిస్తే నాడులు మరింత పూర్తిగా పోతున్నాయని కనపడింది.

శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాల్లో ఎప్పుడో ఉండాల్సిన కొలత అది. వందల కోట్ల వ్యాపారం లేచేదాకా దాన్ని ఇంత వివరంగా ఎవరూ కొలవలేదు. ఉత్తుత్తి చికిత్స పరీక్ష లేకపోతే సగం కాలిన నాడులతో, పూర్తి బిల్లులతో ఆ గొట్టం ఇవాళ ప్రపంచమంతా తిరుగుతూ ఉండేది. మన దగ్గరికీ వచ్చేది. అందుకే ఆ పరీక్షకు ఒప్పుకుని బల్లెక్కి, ఏమీ జరగకుండా దిగిపోయిన 171 మంది పేరులేని రోగుల పట్ల నాకు గొప్ప గౌరవం.

కొత్త గొట్టం రూపం మారింది. మెడ్‌ట్రానిక్ స్పైరల్ ఒక్క మొన బదులు మెలిక తిరిగిన తీగ మీద నాలుగు మొనలతో వచ్చింది. ధమనిలో విచ్చుకుని నాలుగు వైపులా ఒకేసారి, ఒక్క నిమిషంలో కాలుస్తుంది. కొమ్మల్లోకీ వెళ్తుంది. రీకార్ కంపెనీ పారడైజ్ గొట్టం కొసన చిన్న బెలూన్ ఉంటుంది. అందులో చల్లటి నీరు తిరుగుతూ లోపలి గోడను కాపాడుతుంటే, మధ్యనుంచి అల్ట్రాసౌండ్ చుట్టూరా ప్రసరించి ఏడు సెకన్లలో నాడులను కాలుస్తుంది. రక్తప్రవాహం చేసే పనిని ఇక్కడ నీటికి అప్పగించారు.

పరీక్షల తీరు కూడా మారింది. ముందు మందులన్నీ ఆపి చూశారు, ఇరవైనాలుగు గంటలూ చేతికి కట్టుకునే యంత్రంతో కొలిచారు. స్పైరల్‌తో 331 మంది మీద చేసిన పరీక్ష 2020లో వచ్చింది: ఉత్తుత్తి చికిత్స కంటే దాదాపు నాలుగు పాయింట్లు ఎక్కువ తగ్గుదల. పారడైజ్‌తో పగటి బీపీలో తేడా 6.3. మూడు మందులు కలిపిన ఒకే బిళ్ళ వేసుకుంటున్నా బీపీ లొంగనివాళ్ళలో 4.5. మొదట చెప్పిన 32 ఎక్కడ, ఈ నాలుగూ ఆరూ ఎక్కడ అనిపిస్తుంది. కానీ ఇవి నికరమైన అంకెలు. పై బీపీ ఐదు పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు పదో వంతు తగ్గుతాయని లక్షల మంది రోగుల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం 2021లో లాన్సెట్‌లో వచ్చింది. మందులు వేసుకుంటూ ఉన్నవాళ్ళలో స్పైరల్ పెద్ద పరీక్ష మళ్ళీ తడబడింది. 2023 ఆగస్టులో అమెరికా నిపుణుల కమిటీ పారడైజ్‌ను మెచ్చి, స్పైరల్ దగ్గర నిలువునా చీలిపోయింది. చివరికి ఆ నవంబరులోనే పది రోజుల తేడాతో రెండిటికీ అనుమతి వచ్చింది. మన దేశంలో స్పైరల్‌కు 2021 చివర్లోనే అనుమతి దొరికింది.

ఇక మన మెట్ట సంగతి. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు దగ్గర. ఈ చికిత్సకు అయ్యే ఖర్చు లక్షల్లో. దేశంలో పెద్దవాళ్ళలో మూడో వంతు మందికి పైగా బీపీ ఉందని ఐసీఎంఆర్ 2023 అధ్యయనం చెబుతోంది. వాళ్ళలో ఎక్కువమందికి కావలసింది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఆగకుండా దొరికే బిళ్ళ, దాన్ని వేసుకుంటున్నారో లేదో విసుక్కోకుండా అడిగే ఒక మనిషి. గొట్టం గురించి ఎవరు ఎంత గొప్పగా చెప్పినా ఈ వరస మారకూడదని నా గట్టి అభిప్రాయం. ఇంకో హెచ్చరిక కూడా చెప్పాలి. ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళ బాధ పాతదే. ఆ నీళ్ళ భయంతో కిడ్నీ అంటేనే బెదిరే ఊళ్ళు మనవి. కిడ్నీకి చేసే చికిత్స అనగానే ఆశ పుడుతుంది. ఇది బీపీకి చికిత్స, కిడ్నీ జబ్బుకు కాదు. కిడ్నీ పనితనం బాగా పడిపోయినవాళ్ళను పెద్ద పరీక్షల్లో చేర్చుకోలేదు కూడా. ధమని మూడు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉన్నా గొట్టం పనికిరాదు.

అయినా దీన్ని మనకందనిదిగా వదిలేయనక్కర్లేదు. 1990లలో హైదరాబాదులో అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు బి. సోమరాజు కలిసి రక్షణ పరిశోధనకు వాడే లోహ పరిజ్ఞానంతో, గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చవక స్టెంటు తయారుచేశారు. అప్పటిదాకా స్టెంటు అంటే దిగుమతి, అంటే ఉన్నవాళ్ళకే. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరలకు హద్దు పెట్టాక మందుపూత స్టెంటు 29,600 రూపాయలకు దిగింది. ఇవాళ ఆత్మకూరు పొలంలో గుండెపోటు వచ్చిన కూలీకి స్టెంటు పడటం వింత కాదు. నాలుగు మందులు నిజంగా మింగుతున్నా 180కి దిగని మనిషి మన మండలాల్లోనూ ఉన్నాడు. అతనికి ఆ గొట్టం అందేలా ధర తగ్గించే పని ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. మెడ్‌ట్రానిక్‌కు అమెరికా బయట అతి పెద్ద పరిశోధన కేంద్రం హైదరాబాదులోనే ఉంది. మన పిల్లలు అందులో పనిచేస్తున్నారు.

వాళ్ళు పట్టుకోదగిన సమస్య ఒకటి ఇంకా అలాగే ఉంది. స్టెంటు వేశాక రక్తం పారడం తెర మీద కనపడుతుంది. నాడులు కాల్చాక కాలాయో లేదో చూపించే తెర లేదు. వైద్యుడు గొట్టం బయటికి తీసి, వారాలు ఆగి, బీపీ చూసి తెలుసుకోవాలి. కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి ఏమీ తగ్గదు. ఎవరికి తగ్గుతుందో ముందుగా చెప్పడం ఇవాళ్టికీ ఎవరి చేతా కావడం లేదు. చైనాలో ఒక బృందం దీనికి ఉపాయం పన్నింది. ధమనిలో ఒక్కో చోట ముందు చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తారు. అక్కడ బీపీ లేస్తే కింద ఆజ్ఞలు మోసే నాడి ఉన్నట్టు, అక్కడే కాలుస్తారు. మళ్ళీ ప్రేరణ ఇచ్చి, ఈసారి బీపీ లేవకపోతే పని అయినట్టు. ఆ పద్ధతిని రోగుల మీద పరీక్షించారు కూడా.